‘ఏం గాదు’ అనని అత్తమ్మ

‘గ్రహణం మొర్రి’ అనే మాటను నేను ఎన్నో సభల్లో ఉతికి ఆరేశాను. చీలిన పెదవితో పుట్టిన పసిబిడ్డకు పెట్టిన ఆ పేరులోనే తల్లి మీద నేరం మోపి ఉంటుంది. గ్రహణం పూట నువ్వు కదిలావు, కత్తి పట్టావు, అందుకే బిడ్డ ఇలా పుట్టింది అని. విచారణ లేదు, సాక్ష్యం లేదు, నేరుగా తీర్పే. కడుపులో బిడ్డ పెదవి కలిసేది మొదటి రెండు నెలల్లోనే, అప్పటికి చాలామంది ఆడవాళ్లకు తాము నీళ్లోసుకున్నామన్న సంగతే గట్టిగా తెలియదు, ఆ తర్వాత ఎన్ని గ్రహణాలు వచ్చి పోయినా కలిసిన పెదవిని చీల్చలేవు అని గొంతు చించుకుని చెప్పేదాన్ని. ఇప్పటికీ చెబుతాను. అందులో ఒక్క అక్షరం మార్చను.

ఆ మాటలన్నీ నోటికి వచ్చి ఉండగానే, నా కడుపులో ఉన్న బిడ్డ మూతి గురించి కాన్పు దాకా వణికిపోయాను.

తొంభైల చివరి సంగతి. కరీంనగర్ రోడ్డు మీద, శామీర్‌పేట ఇవతల, రెండు గదుల ఇల్లు మాది. నేను అలియాబాద్‌లో బడిపంతులమ్మను. మా ఆయన కుత్బుల్లాపూర్‌లో ఒక కంపెనీలో షిఫ్టులు చేసేవాడు. ఇంట్లో ఎక్కువ సేపు ఉండేది నేను, మా అత్తమ్మ. మామ రైల్వేలో ఖలాసీగా ఉన్నప్పుడు నాగపూర్ వైపు పోయి వస్తూ అక్కడివాళ్లతో కలిసి బౌద్ధం తీసుకున్నాడు. ఆయన వెనకే అత్తమ్మా తీసుకుంది. మామ పోయాడు. అత్తమ్మ మాత్రం దాన్ని వదల్లేదు.

తెల్లారి స్నానం చేసి, గూట్లో ఉన్న చిన్న ప్లాస్టర్ బుద్ధుడి ముందు, పక్కనున్న నీలం కోటు ఫోటో ముందు కొవ్వొత్తి వెలిగించేది. పాళీలో మూడు శరణాలు, ఐదు శీలాలు చెప్పుకుని, కాసేపు కళ్లు మూసుకుని కూర్చునేది. నేను కోడలిగా వచ్చిన కొత్తలోనే దీని మీద గొడవ పెట్టుకున్నాను. రాతి దేవుడిని వదిలి ప్లాస్టర్ దేవుడిని పట్టుకుంటే మార్పేముంది అత్తమ్మా, కొవ్వొత్తి ఎవరి కోసం అని అడిగాను.

“ఆయనకెందుకు బిడ్డ కొవ్వొత్తి? మనింట్ల కరెంటు ఎప్పుడు వోతదో నీకెర్కనేనాయె,” అంది.

నేను దోమను చప్పున కొడితే ఆమె ఏమీ అనేది కాదు. లేచి వెళ్లి కిటికీ మూసేది. పక్కింటామె చెరువు చేపలు అమ్మేది. ఆమె తట్టలో బతికి ఉన్న కొర్రమట్టలు ఉంటే అత్తమ్మ కొనేది కాదు, నా కోసం ఒక పాణం తీసుడెందుకు అనేది. “మీ అత్తకు సచ్చిన చేపలే గావాలె టీచరమ్మా, నా బేరమంత ఖరాబు జేస్తాంది,” అని పక్కింటామె నవ్వేది.

ఇవన్నీ సర్దుకుపోగలిగినవే. ఆమెతో కష్టమల్లా నాలుగో శీలంతోనే. అబద్ధం ఆడకూడదు. దాన్ని ఆమె ఎంత బిగబట్టి పాటించేదంటే, పెళ్లి భోజనంలో వంట ఎట్లుందమ్మా అని అడిగినవాళ్లకు ఉప్పు ఎక్కువైందని చెప్పి వచ్చేది. చక్కెర అడగడానికి వచ్చినవాళ్లకు లేదు అని అనేది కాదు, “ఉన్నది గని ఇయ్య, రేపటి చాయకే సరిపోతది,” అనేది. ఇరుగుపొరుగు ఆమెను మొండిది అనేవాళ్లు. నాకు మాత్రం లోలోపల గర్వంగా ఉండేది. దేవుడి మీద భయంతో కాక, తానుగా ఒప్పుకున్న ఒక మాట కోసం ఇంత నిక్కచ్చిగా బతికే మనిషిని నేను మా హేతువాద సంఘంలో కూడా ఎక్కువమందిని చూడలేదు.

నాకు ఐదో నెల నడుస్తుండగా చంద్రగ్రహణం వచ్చింది. చంద్రుడు గ్రహణంతోనే పొడుస్తాడు. సాయంత్రమే కాబట్టి జనం బయట ఉంటారు. మా సంఘం వాళ్లు బస్టాపు దగ్గర ఒక బల్ల వేసి, గర్భిణి చేత అందరి ముందూ కీరకాయ కోయించి తినిపించాలని అనుకున్నారు. గర్భిణి ఎవరని వెతకనక్కర్లేదు, నేనే ఉన్నాను. సంతోషంగా ఒప్పుకున్నాను.

చంద్రగ్రహణం వచ్చేది పున్నమినాడే కదా. పున్నమినాడు అత్తమ్మకు ఒక్కపొద్దు. ఆ రోజు ఆమె తెల్లచీర కట్టి, ఐదు శీలాలకు మరో మూడు కలిపి పట్టేది. పగటి పన్నెండు దాటితే అన్నం ముట్టేది కాదు. పరుపు మీద కాక చాప మీద పడుకునేది. ఈ సంగతి తెలియని వాళ్లు ఆ రోజు మా ఇంటి ముందు నుంచి పోతూ ఆమెను చూసి, చూసినవా, బుద్ధుని మతపోళ్లు గుడ గ్రహణం పట్టిండ్రు అనుకున్నారు. మా సంఘం కార్యదర్శి చెవిన ఆ మాట పడింది. ఆయన నేరుగా మా ఇంటికి వచ్చాడు.

“అమ్మా, నువ్వు కూడా వచ్చి ఒక అరటిపండు తినాలె. లేకుంటే కోడలొక తీరు, అత్తొక తీరు అంటరు. మన పరువు పోతది.”

“నేను గ్రహణానికి ఒక్కపొద్దు లేను బిడ్డ. పున్నమికి ఉన్న.”

“అది నీకెర్క, నాకెర్క. జనానికి ఎట్ల ఎర్కయితది?”

“అడిగినోళ్లకు జెప్త.”

“ఒక్క పండే గదమ్మా.”

“గ్రహణం వచ్చిందని పస్తుండుడేంది, గ్రహణం వచ్చిందని తినుడేంది? రెండిట్ల గ్రహణం జెప్పినట్టే ఇన్నట్టాయె గద.”

కార్యదర్శి నా వైపు చూశాడు. నేను అత్తమ్మ మీద మండిపడ్డాను. నీ నియమం నీకు గొప్పదైతే ఊరి మూఢనమ్మకం ఎవరికి పట్టాలి అన్నాను. ఆమె నా గ్లాసులో మజ్జిగ పోసి, చాలాసేపు నిలబడతావు తాగి పో అంది. నేను తాగలేదు. వెళ్లిపోయాను.

బస్టాపు దగ్గర జనం బాగానే వచ్చారు. చెరువు మీది నుంచి గోధుమరంగులో చంద్రుడు పైకొచ్చాడు. నేను కత్తి తీసుకుని కీరకాయ చక్రాలుగా తరిగి, ఉప్పు అద్దుకుని తిన్నాను. పెదవి ఎప్పుడు తయారవుతుందో, అప్పటికీ ఇప్పటికీ ఎంత తేడా ఉందో చెప్పాను. కొందరు చప్పట్లు కొట్టారు. కొందరు ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నా కడుపు వైపే చూస్తున్నారు. చేపలామె గుంపును తోసుకుని ముందుకు వచ్చింది. ఆమె కళ్లలో నీళ్లున్నాయి. అవి చూసి నాకు కోపం రాలేదు, అదే తప్పయింది. కోపం వచ్చి ఉంటే ఆమె మాట లోపలికి దిగేది కాదు.

“ఎందుకు పట్టినవ్ టీచరమ్మా కత్తి? నీ మీద నీకు ప్రేమ లేకపోతె పాయె. ఇగ దాని మూతి ఎట్లుంటదో,” అంది.

నవ్వి, ఏం గాదక్కా అన్నాను. ఏం గాదు అని అంత తేలిగ్గా అనడం నాకు అదే ఆఖరు.

తర్వాతి నెల మేడ్చల్‌లో స్కానింగ్ చేయించాం. డాక్టరు స్కానింగ్ పరికరాన్ని పొట్ట మీద అటూ ఇటూ జరుపుతూ, తల బాగుంది, వెన్ను బాగుంది, కాళ్లు బాగున్నాయి అని చెప్పుకుంటూ వచ్చి ఆగాడు. మళ్లీ జరిపాడు. మళ్లీ ఆగాడు.

“చెయ్యి మూతికి అడ్డం పెట్టుకుందమ్మా. పెదవి నాకు సరిగ్గా కనిపించడం లేదు.”

“అంటే ఏమన్నా ఉన్నదా సార్?”

“ఉందని అనడం లేదు. కనిపించడం లేదు అంటున్నాను.”

ఉంది, లేదు, కనిపించడం లేదు. ఈ మూడింటికీ తేడా పిల్లలకు బడిలో చెప్పే మనిషిని నేను. బయటికి వచ్చి బస్సు కోసం నిలబడేసరికి ఆ మూడూ నాకు ఒకటే అయిపోయాయి. మళ్లోసారి స్కానింగ్‌కు పోతే బిడ్డ వెనక్కి తిరిగి ఉంది. యంత్రం కూడా పాతది. కాన్పయ్యాక చూద్దాంలెండి అన్నాడు డాక్టరు.

ఇక అక్కడి నుంచి నా భయం రెండు నోళ్లతో నన్ను తినసాగింది. మొదటిది ఏ తల్లికైనా ఉండేదే, బిడ్డ పాలు ఎట్లా తాగుతుంది, ఎట్లా మాట్లాడుతుంది అని. రెండోది నాకు మాత్రమే ఉన్నది. ఒకవేళ ఆ పెదవి చీలి ఉంటే, అది గ్రహణానికి ముందే, నేను బల్ల ఎక్కడానికి ఎంతో ముందే చీలి ఉంటుంది. నాకు తెలుసు. కానీ ఆ మాట ఎవరు వింటారు? శామీర్‌పేట నుంచి మేడ్చల్ దాకా ప్రతి అత్తా ప్రతి కోడలికీ నా బిడ్డను చూపిస్తుంది. నా బిడ్డ తన పేరుతో కాక, కత్తి పట్టినామె బిడ్డగా పెరుగుతుంది. నేను ఇన్నేళ్లు మాట్లాడిందంతా ఒక పసిదాని ముఖం మీద ఓడిపోతుంది. నా బిడ్డ ఒక ఉదాహరణ అయిపోతుందన్న భయం ఎంత నీచమైనదో తెలిసి కూడా దాన్ని ఆపలేకపోయాను.

బడిలో పిల్లలు పాఠం చదువుతుంటే వాళ్ల పెదవులే చూసేదాన్ని. ఇంట్లో కూరగాయలు కోయడం మానేశానని నాకు నేనుగా గమనించలేదు. ఒకరోజు వంకాయలు ముందు పెట్టుకుని ఊరికే కూర్చుంటే అత్తమ్మ వచ్చి కత్తిపీట తన వైపు జరుపుకుంది. తనే తరగసాగింది. అది చూసి నాకు ఏడుపు వచ్చింది.

అందరూ ఏం గాదు అంటున్నారు. మా ఆయన షిఫ్టుకు పోతూ అంటాడు, వచ్చి అంటాడు. మా అమ్మ అంటుంది. కార్యదర్శి అంటాడు. ఆఖరికి చేపలామె కూడా, ఏదో దేవతకు మొక్కి వచ్చి, ఏం గాదు పో అంది. వాళ్లకు ఏమీ తెలియదని నాకు తెలుసు కాబట్టి ఆ మాటలు పక్కనుంచి పోయే లారీల శబ్దంలా ఉండేవి. అబద్ధం ఆడని మనిషి ఒక్కతే ఉంది. ఆమె అంటే నమ్ముతాను.

“అత్తమ్మా, నువ్వన్న జెప్పు. ఏం గాదని జెప్పు.”

ఆమె బియ్యం ఏరుతోంది. చేట కింద పెట్టింది.

“నాకెర్కలేంది నేనెట్ల జెప్త బిడ్డ?”

“ఎర్క లేకున్నా చెప్పు. ఒక్కపాలి. నా కోసం.”

“జెప్పితె నీకు నిమ్మలమైతదా?”

“అయితది.”

“మల్ల రేపు? రేపు నేను జెప్పింది అబద్ధమని నువ్వే అంటవు. అప్పుడు నీకు భయమైతే ఎవరిని అడుగుతవ్?”

ఆ రోజు ఆమెను నానా మాటలూ అన్నాను. నీ శీలం నీ దగ్గరే పెట్టుకో, కడుపుతో ఉన్న ఆడదానికి ఒక చల్లని మాట చెప్పలేని ధర్మం ధర్మమేనా, నీ బుద్ధుడు నీకు నేర్పిన దయ ఇదేనా అన్నాను. తర్కం నేర్చుకున్న నోరు నాది, ఎక్కడ కొడితే నొప్పి పుడుతుందో తెలుసు. ఆమె తలవంచుకుని వింది. తర్వాత, “ఒకవేళ మూతి అట్లయితె ఏం జేద్దమో, అది మాత్రం ఎర్క జేసుకుంట,” అని లేచింది.

ఆ వచ్చే పున్నమికి బౌద్ధులంతా కలిసిన చోట అడిగి, జవహర్‌నగర్‌లో ఒకామె గురించి తెలుసుకుని వచ్చింది. ఆమె కూతురు చీలిన పెదవితోనే పుట్టిందట. చూసొద్దాం పద అంది. నేను రానన్నాను. ఎందుకు రావు, గుబులు పుడ్తాందా అంది. అవునన్నాను. “పోయినా గుబులే, పోకున్నా గుబులే. పోతే ఒక పని ఎర్కయితది,” అని చెప్పులు వేసుకుంది.

ఆటోలో పోతుంటే జవహర్‌నగర్ ఇంకా దూరం ఉండగానే చెత్తదిబ్బల వాసన మొదలైంది. ఆ ఊరివాళ్లకు అలవాటైపోయిందో ఏమో, ఆమె మాకు చాయ్ ఇస్తూ, “జర గాలి ఇటు కొడ్తాంది, ఏమనుకోకుండ్రి,” అని తలుపు దగ్గరికి వేసింది. కూతురు బడికి పోయే వయసుది. పెదవి మీద కుట్టు గీత సన్నగా ముక్కు దాకా ఉంది. నేను చూడకూడదనుకుంటూనే దాన్నే చూస్తున్నాను. ఆ పిల్ల నన్ను గమనించి, “ఆంటీ, నేను ఈల గుడ ఏస్త. ఏయాల్నా?” అంది. “ఏస్తె వీపు పలుగుతది,” అంది తల్లి. పిల్ల వేయనే వేసింది, బయటికి ఉరికింది.

తల్లి పాలు పట్టిన తీరు చెప్పింది. మొదట్లో రొమ్ము పట్టలేదట, పాలు పిండి ఉగ్గుగిన్నెతో, బిడ్డను నిలువుగా పట్టుకుని కొంచెం కొంచెంగా పోసిందట. ఆపరేషన్ పెద్దాసుపత్రిలో చేశారట. అత్తమ్మ ప్రతిదీ మళ్లీ మళ్లీ అడిగి తెలుసుకుంది. నాకు ఆ మాటలేవీ ఎక్కలేదు. చివరికి నేను అడగవలసింది అడిగాను.

“నీకు గ్రహణం పడ్డదా అక్కా, కడుపుతోని ఉన్నప్పుడు?”

“పడ్డది. మంది మస్తు జెప్పిండ్రు, ఆ నాడు వాకిలి ఊడ్సినవ్, దుప్పటి కుట్టినవ్ అని. నేను ఆ నాడు తలుపులేసుకుని సక్కగ పండుకునే ఉన్నమ్మ. కాలు గుడ కదపలే. ఉచ్చకు గుడ లేవలే.”

నా వాదానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది? ఇదే ఏ సభలోనో విని ఉంటే ఆమెను చెయ్యి పట్టుకుని వేదిక మీదికి ఎక్కించేదాన్ని. కానీ ఆ గదిలో కూర్చుని ఆ మాట వింటే నా భయం ఇంకా పెరిగింది. పడుకున్నా ఆగదు, లేచినా ఆగదు. మూఢనమ్మకం మనిషిని భయపెడుతుందని సభల్లో చెప్పాను కానీ, దానితో పాటే ఒక చిన్న తాళంచెవి కూడా చేతిలో పెడుతుందని నేను ఎక్కడా చెప్పలేదు. ఇది చెయ్యకు, అది జరగదు అని. ఆ తాళంచెవి ఉత్తదే. కానీ నా చేతిలో అదీ లేదు. ఉత్త చేతులతో భయపడటం ఎంత కష్టమో నాకు ఆ ఇంట్లో తెలిసింది.

తిరిగి వస్తూ ఆటోలో ఏడ్చాను. అత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది.

“భయమైతాందా?”

“అయితాంది.”

“ఎక్కడైతాంది?”

“ఎక్కడంటే ఏందత్తమ్మా?”

“కడుపులనా, గొంతులనా?”

నేను విసుగ్గా, గొంతుల అన్నాను.

“సరే. గక్కడ ఉండని. తొయ్యకు. అట్లనే జూస్తుండు.”

ఇది మంత్రం అని ఎవరైనా అనుకుంటే, కాదు. నా భయం పోలేదు. గొంతులో ముద్దలా అట్లాగే ఉంది, శామీర్‌పేటలో దిగేదాకా ఉంది. ఇంటికొచ్చాక అత్తమ్మ బజారుకు పోయి ఒక ఉగ్గుగిన్నె కొనుక్కొచ్చి, కడిగి, బోర్లించింది. దాన్ని చూసి మా ఆయన కళ్లెర్రజేశాడు. “గిదేం అపశకునం అవ్వా?” అన్నాడు. శకునాలు నమ్మని ఇంట్లో ఆ మాట వచ్చింది. నేను దిద్దలేదు.

కాన్పు ఒక మధ్యాహ్నం, సర్కారు దవాఖానలో. నొప్పుల సంగతి రాయను, రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. నర్సు బిడ్డను ఎత్తి, ఆడపిల్ల అంది. నేను, మూతి అన్నాను. నర్సుకు నా మాట అర్థం కాలేదు. మూతి చూపించు అని అరిచాను. దగ్గరికి తెచ్చింది. ఎర్రగా, ముడతలుగా, ఏడుస్తున్న ముఖం. పెదవి నిండుగా ఉంది. గీత లేదు, గంటు లేదు.

అయినా నాకు నెమ్మది రాలేదు. పెదవి బాగున్నా లోపల అంగిలి చీలి ఉండొచ్చని చదివాను. చదువు మంచిదే, కానీ అది ఒక తలుపు మూసిన వెంటనే ఇంకో తలుపు తెరుస్తుంది. వార్డులోకి మార్చాక అత్తమ్మను పిలిచాను. అంగిలి చూడు అన్నాను. ఆమె పోయి సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చింది. చిటికెన వేలు పసిదాని నోట్లో పెట్టి, పై అంగిలి మీద మెల్లగా నడిపింది. పసిది ఆ వేలును చప్పరించసాగింది. నేను అత్తమ్మ ముఖం వైపే చూస్తున్నాను.

“అంగిలి మంచిగనే ఉన్నది,” అంది. “చీలిక లేదు. వేలు గట్టిగ గుంజుతాంది.”

“ఏం లేదు గదా? ఇగ ఏం గాదు గదా?”

“అంగిలి జెప్పిన బిడ్డ. గుండె, ఊపిరితిత్తులు నాకెర్కలే. డాక్టరమ్మ వస్తాంది, అడుగు.”

పక్క మంచం మీద బాలింత నవ్వాపుకోలేక దుప్పటి కప్పుకుంది. అప్పుడే వచ్చిన చేపలామె, “ఈమె సచ్చినా సల్లటి మాటనదు టీచరమ్మా, నీ నసీబు,” అంది.

డాక్టరమ్మ వచ్చి స్టెతస్కోపు పసిదాని రొమ్ము మీద ఆనించింది. ఒకచోట విని, ఇంకోచోటికి జరిపింది. వార్డులో ఎవరో గిన్నె కిందపడేస్తే చెయ్యెత్తి, శబ్దం చెయ్యొద్దంది. మళ్లీ ఆనించింది. చాలాసేపు వింటోంది. అత్తమ్మ నా మంచం కమ్మీ పట్టుకుని నిలబడి ఉంది. ఆ కమ్మీ సన్నగా వణుకుతోంది. ఎందుకా అని చూస్తే, వణుకుతున్నది ఆమె చెయ్యి.

“అత్తమ్మా, భయమైతాందా?”

“అయితాంది బిడ్డ.”

“ఎప్పటి సంది?”

“నువ్వు స్కానింగ్ జేయించుకుని వచ్చిన నాటి సంది.”

ఆమె చేతి మీద చెయ్యి వేశాను. డాక్టరమ్మ చెవుల నుంచి స్టెతస్కోపు తీసి మెడలో వేసుకుంది. గుండె బాగుంది, పాలు పట్టండి అని చెప్పి పక్క మంచం దగ్గరికి పోయింది.